కొత్త మోటారు సైకిలు చోదకులు: జహీరాబాద్ ప్రాంతంలో ఎదురయ్యే ఆచరణ సమస్యలు

మోటారు సైకిలు చోదనం అంటే రెండు చక్రాల మీద నిలకడ కాపాడుకొంటూ వేగాన్నీ దిశనూ ఒకేసారి అదుపులో ఉంచుకొనే నైపుణ్యం. బండిని కదిలించి, గేర్లు మార్చి, ఊరి బయటి బాట మీద నాలుగు చుట్లు తిప్పడం చురుకైనవారికి ఒక్క పూటలోనే పట్టుబడుతుంది గనుక, అంతటితో బండి వచ్చేసిందన్న నమ్మకం ఇళ్ళలో పాతుకుపోయింది. అయితే అనుకొన్న చోట ఆపడం, ఎదుటివారు ఏం చేయబోతున్నారో ముందుగా పసిగట్టడం, ఎదుటివారి కంటికి తాము ఆనేలా నడపడం అనే మూడు విద్యలు వాటంతట అవే అబ్బవు. కొత్తవారి ప్రాణాలను కాపాడేవీ, వారికి ఎవరూ పనిగట్టుకొని నేర్పనివీ ఇవే. ఈ వ్యాసం సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ పట్టణాన్నీ దాని చుట్టుపక్కల మండలాలనూ ఆధారంగా తీసుకొని, లైసెన్సు, బండి ఎంపిక, అభ్యాసం, రహదారి పరిస్థితులు, రక్షణ సామగ్రి, బీమా, సంరక్షణ, ప్రమాద సమయంలో చేయవలసిన పనులు అనే అంశాలను సమీక్షిస్తుంది.

సమస్య విస్తృతి

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించగా, వారిలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. అదే ఏడాది హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ మరణించినవారు 50,029 మంది కాగా, వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అనుభవం కొరవడడానికీ ప్రమాదానికీ ఉన్న సంబంధాన్ని మొదటిసారి సమగ్రంగా చూపిన అధ్యయనం అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ నాయకత్వంలో జరిగి 1981లో వెలువడింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సుమారు 900 ప్రమాదాలను ఘటనా స్థలంలోనే పరిశీలించిన ఆ బృందం, ప్రమాదానికి గురైన చోదకుల్లో 92 శాతం మంది సొంతంగానో, ఇంటివారి దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకొన్నవారేనని, సగానికి పైగా చోదకులకు ప్రమాదానికి గురైన ఆ బండి మీద అయిదు నెలల అనుభవం కూడా లేదని తేల్చింది. పాత చోదకులు సైతం కొత్త బండి ఎక్కినప్పుడు మళ్ళీ కొత్తవారేనన్నది ఈ రెండో ఫలితంలోని సారాంశం. అన్న దగ్గరో, బాబాయి దగ్గరో బండి నేర్చుకోవడం ఆనవాయితీగా ఉన్న తెలంగాణ పట్టణాలకూ పల్లెలకూ ఈ ఫలితాలు గట్టిగా వర్తిస్తాయి.

స్థల నేపథ్యం

జహీరాబాద్ హైదరాబాదుకు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉంది. పూర్వం 9వ నంబరుగా, ఇప్పుడు 65వ నంబరుగా వ్యవహరించే పుణె-మచిలీపట్నం జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగా పోతుంది. వికారాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్ళే రైలు మార్గం కూడా ఇక్కడిదే. 1980ల దశకంలో ఆల్విన్-నిస్సాన్ తేలికపాటి సరకు వాహనాలు తయారైన ఈ చోట 2013 నుంచి మహీంద్రా ట్రాక్టర్ కర్మాగారం పనిచేస్తున్నది. ఈ కారణాల వల్ల కొత్తగా బండి ఎక్కినవారికి మూడు భిన్నమైన రోడ్లు ఒకే రోజులో ఎదురుకావచ్చు: దూరప్రాంతపు లారీలు పరుగులు తీసే నాలుగు వరుసల రహదారి, ఆటోలూ తోపుడు బళ్ళూ పాదచారులూ కలగలిసిన బజారు వీధి, కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి వైపు సాగే ఇరుకైన పల్లె రోడ్డు. ఒక్కో రోడ్డు ఒక్కో తీరు జాగ్రత్తను కోరుతుంది కాబట్టి, ఒకదాని మీద కుదిరిన చేయి మరొకదాని మీద కూడా కుదిరిందని భావించరాదు.

లైసెన్సు

1988 నాటి మోటారు వాహనాల చట్టం గేర్ల మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్ళు నిండాలని నిర్దేశిస్తుంది. ఇంజను సామర్థ్యం 50 సీసీ మించని బండిని మాత్రం సంరక్షకుల అంగీకారంతో లైసెన్సు పొంది 16 ఏళ్ళకే నడపవచ్చు. గేర్లు లేని బండి ఏదైనా ఈ మినహాయింపు కిందికి వస్తుందన్న అభిప్రాయం పల్లెల్లో ఉంది గాని అది పొరపాటు. రైతులు ఎక్కువగా వాడే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 ఇంజను 99.7 సీసీ గనుక దానికి 18 ఏళ్ళ నిబంధనే వర్తిస్తుంది. 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకులకు లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ మైనరుకు 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు దక్కదు.

ట్రాఫిక్ గుర్తులు, నియమాల మీద పరీక్షలో నెగ్గినవారికి ఆరు నెలలు చెల్లే లెర్నర్ లైసెన్సు ఇస్తారు. అది చేతికి వచ్చిన 30 రోజుల తరవాతే అసలు లైసెన్సు పరీక్షకు హాజరు కావచ్చు. అభ్యాస కాలంలో బండికి ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. లైసెన్సు ఉండి నేర్పుతున్న శిక్షకుడు తప్ప మరెవ్వరూ వెనుక కూర్చోరాదు. ద్విచక్ర వాహనాల పరీక్షలో ఎనిమిది అంకె ఆకారపు ట్రాక్ మీద కాలు నేలకు ఆనించకుండా తిప్పడం ప్రధానం. ఈ పరీక్ష నెమ్మదిగా నడిపేటప్పటి నిలకడను బాగా కొలుస్తుంది గాని, 60 కిలోమీటర్ల వేగంలో అడ్డొచ్చిన గేదెను తప్పించి ఆగగలరా అన్నది దానివల్ల తెలియదు. బ్రిటన్‌లో 1990లో తెచ్చిన తప్పనిసరి ప్రాథమిక శిక్షణ ప్రకారం కొత్తవారు మొదట వాహనాలు తిరగని ఆవరణలో శిక్షకుని ఎదుట బ్రేకులు, మలుపులు సాధన చేసిన తరవాతే రోడ్డెక్కాలి. అటువంటి ఏర్పాటు లేని చోట ఆ శిక్షణను ఇంటి పెద్దలే పూనుకొని సమకూర్చవలసి ఉంటుంది.

బండి ఎంపిక

మొదటి బండికి బరువు, సీటు ఎత్తు, ఇంజను సామర్థ్యం అనే మూడూ ముఖ్యం. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనాలి, పడిన బండిని ఒంటరిగా లేపగలగాలి. 100 నుంచి 125 సీసీ మధ్య ఉండే బళ్ళు ఈ అవసరాలకు సరిపోతాయి. గేర్ల అమరిక ఒక్కో బండికి ఒక్కో తీరుగా ఉంటుంది: స్ప్లెండర్ వంటి నాలుగు గేర్ల బళ్ళలో అన్ని గేర్లూ కాలివేళ్ళతో కిందికి నొక్కితే పడతాయి, చాలా అయిదు గేర్ల బళ్ళలో మొదటిది కిందికి, తక్కినవి పైకి పడతాయి. ఒకదాని మీద నేర్చుకొని మరొకదాన్ని నడిపేవారు తొందరలో గేరు తగ్గించబోయి పెంచడం, పెంచబోయి తగ్గించడం జరుగుతుంది గనుక, కొన్నాళ్ళపాటు ఒకే బండి మీద సాధన చేయడం మేలు.

బ్రేకుల విషయంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన బళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా, క్షణానికి అనేకసార్లు బ్రేకు ఒత్తిడిని సడలించి మళ్ళీ బిగించే వ్యవస్థ ఇది. 125 సీసీ వరకు ఉన్న బళ్ళకు ఏబీఎస్ గాని, ఒక బ్రేకు పడితే రెండో చక్రానికి కూడా కొంత ఒత్తిడి అందించే సీబీఎస్ గాని ఉండాలి. సీబీఎస్ ఆగే దూరాన్ని తగ్గిస్తుంది గాని చక్రం జారకుండా ఆపలేదన్న తేడాను కొనేవారు గమనించాలి.

పాత బండి కొనుగోలులో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు సరిహద్దు వల్ల వస్తుంది. బీదర్ సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందున ఆ జిల్లాకు చెందిన కేఏ 38 నంబరు బళ్ళు ఇక్కడ అమ్మకానికి వస్తుంటాయి. వేరే రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకొంటే తిరిగి రిజిస్టర్ చేయించాలి. అందుకు అక్కడి అధికారులు 28వ నంబరు ఫారం మీద ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి, తెలంగాణకు కట్టవలసిన జీవితకాల పన్ను భారం కూడా లెక్కలోకి తీసుకోవాలి. యాజమాన్య బదిలీకి 29, 30 నంబర్ల ఫారాలు, ఫైనాన్స్ అప్పు తీరిందని చూపే 35వ నంబరు ఫారం అవసరం. కాగితాలు మార్చుకోకుండా కేవలం నోటి మాట మీద తాళం చెవి చేతులు మారితే, తరవాత జరిగే ప్రమాదానికి అమ్మినవారు కూడా కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు.

అభ్యాస క్రమం

అభ్యాసం ఖాళీ మైదానంలో, ఇంజను ఆపిన బండిని చేతులతో నెట్టి బరువును అంచనా వేయడంతో మొదలు కావాలి. తరవాతి మెట్టు క్లచ్. ఇంజను శక్తిని గేర్లకు కలిపే, విడదీసే ఈ సాధనాన్ని ఎడమచేతి మీటతో మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి కదలడానికి సిద్ధపడుతుంది. ఆ చోటును పట్టుకొని, యాక్సిలరేటర్ తక్కువగా ఇస్తూ, నడక వేగంతో తిన్నగా పోవడం వస్తే బజారు రద్దీలో బండి ఆగిపోదు, ఉన్నట్టుండి దూకదు. కొత్తవారిలో చాలామంది భయం కలిగినప్పుడు కుడి చేతిని బిగిస్తారు, దాంతో యాక్సిలరేటర్ ఇంకా తిరుగుతుంది. ఆపద తోచగానే ఎడమచేత్తో క్లచ్ పట్టే అలవాటును ముందే నాటడం దీనికి విరుగుడు.

బ్రేకులను గురించిన అపోహ అన్నింటికన్న ప్రమాదకరమైనది. ముందు బ్రేకు పడితే బండి బోర్లా పడుతుందన్న భయంతో కాలి బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకొనేవారు కోకొల్లలు. వేగం తగ్గేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి ఒరుగుతుంది కాబట్టి ఆ చక్రానికే నేల మీద పట్టు పెరుగుతుంది, వెనుక చక్రం తేలికపడి తొందరగా జారుతుంది. అందుచేత ఆపే శక్తిలో పెద్ద పాలు ముందు బ్రేకుదే. చక్రం తిన్నగా ఉన్నప్పుడు, రెండు బ్రేకులనూ కలిపి, ముందు బ్రేకును ఒక్క గుంజులో కాక క్రమంగా బిగిస్తూ పట్టాలి. చక్రం తిరిగి ఉన్నప్పుడో, ఇసుక మీదో దాన్ని గట్టిగా పడితే బండి పడిపోయే మాట నిజమే. పైన చెప్పిన భయం పుట్టింది అటువంటి అనుభవాల నుంచే.

ఆగే దూరంలో రెండు భాగాలు ఉంటాయి: అడ్డంకిని చూసి బ్రేకు పట్టేలోగా బండి పోయే దూరం, బ్రేకు పట్టిన తరవాత పోయే దూరం. స్పందనకు ఒక సెకను పడుతుందని, ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందని లెక్క వేస్తే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 23 మీటర్లు, 60లో 44 మీటర్లు, 80లో 72 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగు రెట్లవుతుంది గనుక ఈ తేడా. ఇవి పొడి రోడ్డు లెక్కలు. తడిసిన రోడ్డు మీద ఇంకా ఎక్కువ దూరం పడుతుంది. ముందు పోయే వాహనం దాటిన గుర్తును తాము చేరడానికి కనీసం రెండు సెకన్లు, వానలో నాలుగు సెకన్లు పట్టేలా ఎడం ఉంచుకోవడం ఆచరణకు వీలైన నియమం.

మలుపుల్లో వేగాన్ని మలుపుకు ముందే తగ్గించి, ఒరిగాక బ్రేకు పట్టకుండా, బయటికి వచ్చే దారి వైపే చూపు నిలపాలి. గుంతను చూస్తూ పోయేవారి బండి ఆ గుంతలోకే పోతుంది. కొంత వేగం అందుకొన్నాక కుడివైపు ఒరగాలంటే కుడి హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నెట్టాలన్న సూత్రం వినడానికి తలకిందులుగా తోచినా, బండి ఒరిగేది ఆ విధంగానే. ఇది తెలిసినవారు హఠాత్తుగా పక్కకు తప్పుకోవలసి వచ్చినప్పుడు తడబడరు.

రహదారి పరిస్థితులు

జాతీయ రహదారి మీద కొత్తవారికి ఎదురయ్యే పెద్ద ఆపద వేగాల మధ్య ఉన్న తేడా. 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి వెనుక నుంచి రెట్టింపు వేగంతో లారీలు, కార్లు వస్తుంటాయి. ఎడమ వరుసలో స్థిరంగా సాగడం, అద్దాలను తరచుగా చూడడం, లారీ డ్రైవరుకు కనిపించని పక్క భాగాల్లో ఎక్కువసేపు ఉండకపోవడం దీనికి ఉపాయాలు. రోడ్డు మధ్య విభాగినిలో సందు దూరంగా ఉందని ఎదురుదారిలో, అంటే రాంగ్ రూట్‌లో, పోవడం పల్లె మలుపుల దగ్గర మామూలైపోయింది. నియమం తప్పనివారు సైతం రాత్రివేళ ఎడమ అంచు మీద ఎదురుగా బండి రావచ్చన్న ఎరుకతో నడపాలి. దాబాల దగ్గర దీపాలు లేకుండా నిలిపిన లారీలను వెనుక నుంచి గుద్దుకోవడం మరో ప్రమాదం గనుక, హెడ్‌లైటు వెలుగు పడినంత మేరలో ఆగగలిగే వేగమే రాత్రి వేళ గరిష్ఠ వేగం.

పల్లె రోడ్ల తీరు కాలాన్ని బట్టి మారుతుంది. ఈ ప్రాంతంలో ఎర్రని మొరం నేలలూ నల్లరేగడి నేలలూ రెండూ ఉన్నాయి. ఎండాకాలంలో మొరం గులకలు తారు రోడ్డు మలుపుల్లో చేరి చక్రాన్ని జార్చుతాయి. వానాకాలంలో ట్రాక్టరు టైర్లు మోసుకొచ్చే రేగడి బురద సబ్బులా జారుతుంది. తొలకరి జల్లు పడిన మొదటి గంటలో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి పలచని పొరగా మారడం వల్ల ఆ సమయం అన్నింటికన్న ప్రమాదకరం. చెరకు కోతల కాలంలో గడలు వెడల్పుగా పేర్చిన ట్రాక్టర్లు వెనుక దీపాలు లేకుండా పోతుంటాయి. పంట నూర్పిళ్ళ నాళ్ళలో కందులు, జొన్నలు, సోయా గింజలు రోడ్డు మీద ఆరబోసి, హద్దుగా రాళ్ళు పేరుస్తారు; గింజల మీదికి ఎక్కిన చక్రానికి పట్టు ఉండదు. శీతాకాలంలో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో కోహీర్ ఒకటి కాబట్టి, తెల్లవారుజామున మంచు చూపును, కొయ్యబారిన వేళ్ళు బ్రేకు పట్టే వేగాన్ని తగ్గిస్తాయి. చేతి తొడుగులు ఆ వేళ అవసరమైన రక్షణ. రైలు పట్టాలను ఏటవాలుగా కాక అడ్డంగా, బ్రేకు పట్టకుండా దాటాలి.

రక్షణ సామగ్రి, వెనుక కూర్చొనేవారు

హెల్మెట్ మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష, అది మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదాన్ని సుమారు 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. చట్టంలోని 129వ సెక్షన్ నడిపేవారికీ వెనుక కూర్చొనేవారికీ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ 4151 ప్రమాణానికి లోబడి ఐఎస్‌ఐ గుర్తు ఉన్న హెల్మెట్లే అమ్మాలి. దెబ్బను పీల్చుకొనేది లోపలి థర్మకోల్ వంటి పొర గనుక, ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చవలసిందే. గడ్డం కింది పట్టీ బిగించని హెల్మెట్ ప్రమాదంలో తల మీద నిలవదు.

వెనుక మనిషి ఎక్కితే బండి తీరే మారిపోతుంది: ఆగే దూరం పెరుగుతుంది, ముందు చక్రం తేలికపడి హ్యాండిల్ వదులుగా తోస్తుంది. ఒంటరిగా చేయి కుదిరాకనే ఎవరినైనా ఎక్కించుకోవడం ధర్మం. ముగ్గురు ఎక్కడం 128వ సెక్షన్ ప్రకారం నేరం. వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ కవచం, పట్టుకొనే పిడి, కాళ్ళు పెట్టుకొనే ఏర్పాటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతుంది. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకొని స్త్రీలు తీవ్రంగా గాయపడే ప్రమాదాన్ని సారీ గార్డు అనే ఈ కవచం నివారిస్తుంది కాబట్టి అందం కోసం దాన్ని ఊడదీయరాదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లలను చోదకునికి కట్టి ఉంచే రక్షణ పట్టీతో, 40 కిలోమీటర్లు మించని వేగంతో తీసుకుపోవాలి; తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు వారి తలకు సరిపోయే హెల్మెట్ కూడా ఉండాలి.

బీమా, సంరక్షణ

ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కరాదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు దీన్ని అయిదేళ్ళకు ఒకేసారి ఇస్తున్నారు. సొంత బండికి జరిగిన నష్టం ఇందులోకి రాదు. యజమానే నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేనివారికి తెలిసీ బండి ఇస్తే, బాధితులకు చెల్లించిన పరిహారాన్ని బీమా సంస్థ యజమాని నుంచి తిరిగి రాబట్టుకొనే వీలుంది.

సంరక్షణలో టైర్ల గాలి, చైను బిగువు, ఇంజన్ ఆయిల్, బ్రేకు అరుగుదల, దీపాలు అనే అయిదింటినీ వారానికోసారి చూడాలి. గాలి ఎంత ఉండాలో, చైను ఎంత వదులు ఉండవచ్చో బండితో ఇచ్చే కరదీపికలో ఉంటుంది. మొరం దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు, చైను పట్టణంలో తిరిగేదానికన్న తరచుగా శుభ్రం చేయించాలి. సైడ్ స్టాండు తీయకుండా బయలుదేరితే ఎడమ మలుపులో అది నేలకు తగిలి బండి పడిపోతుంది గనుక, గేరు వేసేముందు దాన్ని చూడడం అలవాటు కావాలి.

ప్రమాదం జరిగినప్పుడు

ప్రమాదం జరిగిన వెంటనే వెనుక వచ్చే వాహనాలను హెచ్చరించి, 108కి గాని 112కి గాని, జాతీయ రహదారి మీద అయితే 1033కి గాని ఫోను చేయాలి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నప్పుడు, మంటల వంటి తక్షణ ఆపద లేకపోతే, క్షతగాత్రులను కదిలించకుండా, శ్వాస ఆడుతున్నదా అని గమనిస్తూ సాయం కోసం వేచి ఉండడం మంచిది. సాయపడినవారు కేసుల్లో ఇరుక్కొంటారన్న భయం అక్కర్లేదు; 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్ వారికి చట్టరక్షణ కల్పించింది. 2025లో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు చెల్లించనవసరం లేని చికిత్స అందుతుంది.

ఉపసంహారం

జహీరాబాద్ వంటి ప్రాంతంలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పొలానికి, కర్మాగారానికి, కళాశాలకు, ఆస్పత్రికి చేర్చే సాధనం. దాన్ని యువతకు నిరాకరించడం పరిష్కారం కాదు, చేతికిచ్చే తీరును మార్చడమే పరిష్కారం. మొదట మైదానంలో క్లచ్, బ్రేకులు. తరవాత పగటివేళ పల్లె రోడ్డు. ఆ పైన బజారు. చివరగా జాతీయ రహదారి, రాత్రి ప్రయాణం, వెనుక మనిషి అనే క్రమాన్ని పాటిస్తే, ప్రతి మెట్టు దగ్గరా కొత్తవారు మోయవలసిన భారం వారి శక్తికి లోబడి ఉంటుంది. లైసెన్సు ఈ క్రమంలో ఒక మజిలీ మాత్రమే. బండి కొనిచ్చే తల్లిదండ్రులు తాళం చెవితోపాటు హెల్మెట్‌ను, ముందు బ్రేకు మీద సాధనను, కొన్ని వారాల ఓపికను కూడా ఇవ్వగలిగితే, ఏటా ప్రమాదాల లెక్కల్లో చేరుతున్న కొత్తవారిలో చాలామంది క్షేమంగా ఇల్లు చేరతారు.